పాత నాణేలు నాలాంటివాడికి అమ్మే ముందు

(తిరుపతిలో విశ్రాంత ఉద్యోగుల నెలవారీ సమావేశంలో ఒక నాణేల వ్యాపారి చేసిన ప్రసంగం. రికార్డింగు విని రాసినది.)

పెద్దలందరికీ నమస్కారం. వెనక వరసకు వినపడుతోందా? సరే.

పాత నాణేలు ఎలా అమ్ముకోవాలో చెప్పమని మాస్టారు నన్ను పిలిచారు. నేనేమో కొనేవాణ్ణి. మీరు తెచ్చింది ఎంత తక్కువకు కొంటే నాకంత మిగులు. అలాంటివాణ్ణి పిలిచి మీకు సలహా చెప్పమనడం పిల్లిని పాలకు కాపలా పెట్టడమే. (నవ్వులు) అందుకని నా మాటలు కొంచెం అనుమానంతోనే వినండి. ఇంకొకరిని అడిగి సరిచూసుకోండి. నేనేం నొచ్చుకోను.

గోవిందరాజస్వామి గుడి దగ్గర సందులో నాది చిన్న అంగడి. ఒక బల్ల, ఒక లెన్సు, ఒక ఎలక్ట్రానిక్ కాటా, వెనక బీరువా. వచ్చేవాళ్లలో ఎక్కువమంది నాణేలు పోగుచేసే అలవాటున్నవాళ్లు కారు. నాయన పోయాక బీరువా సర్దుతుంటే దొరికాయనో, అవ్వ ట్రంకుపెట్టె అడుగున గుడ్డమూటలో ఉన్నాయనో తెస్తారు. కూర్చోగానే అడిగే మాట, 'మోసం చేయవు కదా నాయనా' అని. చేసేవాళ్లు లేరని నేననను. కానీ బల్లకు అవతలి పక్కన కూర్చుని చూసినవాడిగా నా లెక్క వేరే. మీ దుడ్లు మా అంగట్లో పోయేది తక్కువ. అంగడి మెట్లెక్కకముందే, మీ ఇంట్లోనే పోయి ఉంటాయి. అదెట్లాగో చెప్తాను.

వరలక్ష్మీ వ్రతం అయిన వారంలో పుత్తూరు వైపు నుంచి ఒకామె వచ్చింది. గాజుసీసా నిండా విక్టోరియా రాణి రూపాయలు. బల్ల మీద వంపితే తళతళా మెరుస్తూ పడ్డాయి. నా గుండె జారింది. 'మురికిగా తెస్తే తక్కువిస్తారని రాత్రి కూర్చుని చింతపండు పెట్టి తోమానన్నా' అంది. ఒకటి తీసి లెన్సు కింద పెట్టి ఆమెకే చూపించాను. రాణి చెంప మీద సన్నసన్నటి గీతలు, అన్నీ ఒకే వాలుగా. పీచు నడిచిన దారి అది. ఆ సీసాలో ఒక రూపాయి మాత్రం ఎక్కువ చేతులు మారినట్టు లేదు. కిరీటం మీది రాళ్లు, రవికె మీది పూలపని అరగకుండా ఉన్నాయి. అలాంటిది నల్లగానే ఉండి ఉంటే సేకరించేవాళ్లు దాని కోసం పోటీపడతారు. తోమాక దానికీ పక్కనున్న అరిగిపోయిన రూపాయికీ పెద్ద తేడా మిగల్లేదు. రెండూ వెండి లెక్కలోకే వచ్చాయి. అదే మాట ఆమెతో చెప్పాను. నేను నాటకమాడుతున్నాననే ఆమె అనుకున్నట్టుంది. ఇంకో అంగట్లో చూపించుకుంటానని వెళ్లిపోయింది. వెళ్లడం మంచి పనే.

వెండి మీద వచ్చే నలుపు మురికి కాదండీ. గాలిలో ఉండే గంధకంతో కలిసి ఏళ్ల తరబడి పట్టే పొర. దాన్ని ఎవరూ ముట్టుకోలేదనడానికి అదే రుజువు, కొనేవాడికి కావలసింది కూడా అదే. రాగి నాణేలైతే ఇంకా సున్నితం. చింతపండు, నిమ్మకాయ, విబూది, పళ్లపొడి, ఇత్తడి సామాన్లు తోమే పొడి, ఏదీ తగలకూడదు. పూజలో పెట్టి పసుపు కుంకుమ అంటుకుని ఉంటే మామూలు నీళ్లలో నానబెట్టి, మెత్తటి గుడ్డ మీద పెట్టి అద్దండి. రుద్దొద్దు. మెత్తటి ప్లాస్టిక్ కవర్లలో దాచకండి, కొన్ని రకాల ప్లాస్టిక్కు రాగికి పచ్చగా జిడ్డు పట్టిస్తుంది. కాగితం పొట్లం చాలు. తాతగారు పొట్లం మీద ఏదైనా రాసి ఉంటే ఆ కాగితం పారేయకండి.

కొక్కెం అతికించి మెడలో వేసుకున్నవి, ఉంగరంలో పొదిగించినవి, కాసులపేరులో గుచ్చినవి కూడా అంతే. అతుకు తీయించి తెస్తారు కొందరు, నాకు తెలియదనుకుని. అంచు తిప్పితే టంకం వేసిన చోటు ఇట్టే కనిపిస్తుంది. తీయించడానికి కంసాలికి ఇచ్చిన డబ్బులు దండగ.

ఇప్పుడు డబ్బాలో ఏముందో చూద్దాం. నా దగ్గరికి వచ్చే డబ్బాల్లో ముప్పావు వంతు బ్రిటిష్‌వాళ్ల రూపాయలే. ఇది మాత్రం కాగితం మీద రాసుకోండి. 1835 నుంచి 1939 దాకా వచ్చిన రూపాయి 11.66 గ్రాములు, నూటికి 91.7 పాళ్లు వెండి. పాత తులం కూడా అదే బరువు. ఇవాళ బంగారం అంగట్లో తులమంటే పది గ్రాములు అంటున్నారు గానీ, మన తాతల తులం రూపాయి ఎత్తు. ఒక రూపాయిలో అసలు వెండి 10.69 గ్రాములు. 1940 నుంచి 1945 వరకు వచ్చినవాటిలో, యుద్ధకాలం కదా, వెండిని సగానికి దించేశారు. అంటే 5.83 గ్రాములే. 1947 రూపాయి, వెనక పులి బొమ్మ ఉంటుంది, అందులో వెండి చుక్క లేదు. అది నికెల్. ఈ మూడు రకాల రూపాయలూ ఒకే సంచిలో పోసి 'ఇన్ని వెండి రూపాయలు' అని లెక్కేసుకుని వస్తారు. నేను విడదీసి చూపించేసరికి మొహం మాడిపోతుంది. పక్కవాళ్లు నేనేదో మాయ చేశానంటారు. ఇంట్లోనే అయస్కాంతం పెట్టి చూడండి. నికెల్ అతుక్కుంటుంది, వెండి అతుక్కోదు. 1964లో నెహ్రూ బొమ్మతో వచ్చిన రూపాయి కూడా నికెలే. ఆ ఒక్క దానికోసం నాతో గొడవపడ్డవాళ్లు ఎంతమందో! సగం వెండి రూపాయిని అంచు చూసి పట్టుకోవచ్చు. గరుకు గీతల మధ్యలో సన్నటి గాడి ఉంటుంది. అయినా సంవత్సరం చూసుకోవడమే సులువు.

స్వతంత్రం వచ్చాక వెండి వేసిన బిళ్లలు కొన్నే. 1969లో గాంధీ శతజయంతికి వచ్చిన పది రూపాయల బిళ్ల 15 గ్రాములు, 80 శాతం వెండి. అది వెండని తెలియక పిల్లలకు ఆడుకోవడానికి ఇచ్చిన ఇళ్లున్నాయి.

వెండి లెక్క ఒకసారి వేసి చూపిస్తాను. గ్రాము వంద రూపాయలనుకోండి, లెక్క సులువు కోసం. ఇవాళ్టి రేటు ఫోనులో చూసుకోండి, అది రోజూ మారేదే. అప్పుడు పాత రూపాయిలో వెండి 1,069 రూపాయలది. సగం వెండిదాంట్లో 583. ఇదే మీ కనీస ధర. దీనికి బాగా కిందికి ఎవరైనా అడిగితే లేచి రండి. దీనిపైన ఎంత వస్తుందన్నదే అసలు బేరం.

అక్కడే చాలామంది పొరపడతారు. పాతదైతే ఖరీదెక్కువని. వయసుకూ ఖరీదుకూ సంబంధం చాలా తక్కువ. శాతవాహనుల కాలం సీసపు నాణేలు, ఇంచుమించు రెండు వేల ఏళ్లవి, అరిగినవైతే సామాన్యుడు కొనగలిగే ధరకే దొరుకుతాయి. ఎందుకంటే మూటలు మూటలుగా బయటపడ్డాయి. 1939 నాటి రూపాయి, మా నాయన పుట్టిన కాలానిది, అసలుదైతే పెద్ద ధర పలుకుతుంది. ఎందుకంటే పూర్తి వెండిని ఆపేసే ముందు వచ్చిన ఆఖరి రూపాయి అది, జనం చేతికి వచ్చింది బహు తక్కువ. అంత పేరున్నది కాబట్టి నకిలీలూ అంతే ఎక్కువ. 1938 రూపాయిలో ఎనిమిదిని చెక్కి తొమ్మిది చేసినవి కూడా తిరుగుతుంటాయి.

1911 రూపాయి సంగతి వేరు. అయిదో జార్జి కొత్తగా పట్టానికి వచ్చాడు, శాలువా మీద పతకాల గొలుసులో ఏనుగు బొమ్మ చెక్కారు. తొండం పొట్టిగా పడింది. చూస్తే పందిలా ఉందని జనంలో గొడవ రేగింది, ముస్లింలు బాగా నొచ్చుకున్నారు. సర్కారు ఆ రూపాయలను వెనక్కి తీసుకుని, 1912లో తొండం స్పష్టంగా కనిపించేట్టు అచ్చు మార్చింది. అందుకే 1911 అని కనిపిస్తే పక్కన పెట్టండి. లక్షలు రావు. అలాగని వెండి ధరకు ఇచ్చేయొద్దు.

విక్టోరియా రూపాయి మీద 'క్వీన్' అని ఉంటే 1877కు ముందు అచ్చు, 'ఎంప్రెస్' అని ఉంటే తర్వాతది. 1862 అని ఉన్నవి ఎన్నో వస్తాయి. అవన్నీ ఆ ఒక్క ఏడాదివి కావు. చాలా ఏళ్లపాటు అదే సంవత్సరం వేసి కొట్టారు, కింద పెట్టిన చుక్కల తేడాతో రకాలు గుర్తుపడతారు. చుక్కల దగ్గర ఒక్కోసారి మంచి ధర దాగి ఉంటుంది. ఆ చుక్కలే చింతపండుకు మొదట పోయేవి. ఏడో ఎడ్వర్డుది, కిరీటం లేకుండా ఉత్త తలతో ఉంటుంది, 1903 నుంచి 1910 దాకా. మామూలుదే, కానీ అరగకుండా దొరకడం కష్టం.

మన తిరుపతి డబ్బాలకు ఒక ప్రత్యేకత ఉంది. ఇతర ఊళ్లలో ఇన్ని రకాలు కలిసి రావు. సత్రం నడిపినవాళ్లు, పూలంగడి, కొబ్బరికాయల అంగడి పెట్టుకున్నవాళ్లు, హోటలువాళ్లు, వాళ్ల గల్లాపెట్టెల్లోకి దేశమంతా తిరిగిన చిల్లర వచ్చి పడింది. చార్మినార్ బొమ్మతో నిజాం నాణేలు, తిరువాన్కూరు చక్రాలనే చిన్న నాణేలు, మైసూరు కాసులు, సిలోను, నేపాలు, అన్నీ ఒకే డబ్బాలో. చదవడానికి రానివన్నీ చెల్లని దుడ్లని పక్కన పారేస్తారు. పారేయకండి. పారశీ అక్షరాలున్న వెండి నాణెం మీద తామరపువ్వు గుర్తు ఉంటే అది కంపెనీవాళ్లు మద్రాసులో కొట్టిన ఆర్కాటు రూపాయి కావచ్చు, నెలవంక ఉంటే పుదుచ్చేరి ఫ్రెంచివాళ్లది కావచ్చు. చిత్తూరు, పుంగనూరు, పలమనేరు వైపు డబ్బాల్లో ఏనుగు బొమ్మ రాగి పైసలు వస్తాయి. టిప్పు సుల్తాను కాలంవి. వాళ్ల నాయన హైదరాలీ 1782లో కన్నుమూసింది చిత్తూరు దగ్గర నరసింగరాయనిపేట దండులోనే కదా, ఆ సైన్యాల చిల్లర ఈ నేల మీద చాలా తిరిగింది.

ఇక బంగారం. ఇక్కడ అందరికీ చెవులు నిక్కబొడుచుకుంటాయి. (నవ్వులు) శ్రీకృష్ణదేవరాయలు 1514లో శ్రీవారికి 30,000 బంగారు నాణేలతో కనకాభిషేకం చేశాడని శాసనం చెబుతోంది. ఆ నాణేలలో ఒకటి మా ఇంట్లో ఉందని నెలకొకరు వస్తారు. ఎక్కువగా అవి ఇత్తడివి. రాయల కాలపు అసలు బంగారు నాణెం, అంటే వరాహ, మూడున్నర గ్రాములకు కొంచెం తక్కువ బరువు, చిటికెన వేలి గోరంత ఉంటుంది. పెద్ద బిళ్ల మీద రాములవారి పట్టాభిషేకం ఉంటే అది రామటంకం, నాణెం కాదు, పూజకు చేసిన బిళ్ల. అది వెండిదైతే వెండి విలువ, పనితనం బాగుంటే కొంత పైన. చంద్రగిరి నుంచి కూడా ఏలిన వేంకటపతి రాయల వరాహల మీద నిలబడ్డ వేంకటేశ్వరస్వామి ఉంటాడు. తర్వాత మద్రాసులో ఇంగ్లీషువాళ్లు కూడా స్వామిని, ఇద్దరు అమ్మవార్లను వేసి బంగారు నాణెం కొట్టుకున్నారు. వ్యాపారం సాగాలంటే జనం నమ్మే బొమ్మ ఉండాలని వాళ్లకూ తెలుసు. ఇలాంటివి మీ ఇంట్లో నిజంగా ఉంటే నా అంగడికి కూడా తేవద్దు. ముందు తెలిసినవాళ్లకు చూపించండి, తర్వాత వేలానికి పంపండి. దాని సంగతి చెప్తాను.

అన్నిటికంటే మిన్నగా చెప్పాల్సింది ఇదే. బంగారు నాణెం దొరకగానే కాళ్లు నేరుగా బంగారం అంగడి వైపు నడుస్తాయి. అక్కడ టచ్ చూస్తారు, తరుగు తీస్తారు, కరిగిస్తారు. వాళ్ల తప్పేం లేదు, వాళ్ల వ్యాపారం అది. గుర్రమెక్కి డ్రాగనును పొడిచే మనిషి బొమ్మ ఉన్న సవరను అయితే 7.98 గ్రాములు, 22 క్యారెట్లు. ఎక్కువ సవరన్లు బంగారం ధరకు మించి పెద్దగా రావు, కరిగించినా గుండె పగలక్కర్లేదు. కానీ వరాహ, పణం, మొహరు లాంటి పాత బంగారు నాణేలను కరిగిస్తే అందులోని బంగారం మాత్రమే మిగులుతుంది, నాణెం పోతుంది. తిరిగి రాదు.

అంగట్లో ఏం జరుగుతుందో ఇప్పుడు చెప్తాను. మీరు సంచి బల్ల మీద పెట్టగానే నేను లెక్కపెట్టను. వేళ్లతో కుప్పను పరుస్తాను. పదిలో తొమ్మిది నా వేళ్లకే తెలిసిపోతాయి. ఆ తొమ్మిదీ అటు తోస్తాను. ఒకదాన్ని తిప్పి చూసి, మాట మార్చి, మిగతావాటి మధ్యలో పెట్టేస్తే, ఆ ఒకటే నాకు కావలసింది. (నవ్వులు) నవ్వకండి, నిజంగానే చూడండి. కొనేవాడి చెయ్యి ఎక్కడ ఆగిందో గమనించండి. తర్వాత 'మొత్తానికి ఇంత' అని ఒక అంకె చెప్పినప్పుడు, 'ఒక్కొక్కదానికి ఎంతో విడిగా రాసివ్వండి' అనండి. ఆ ఒక్క మాటతో బేరం సగం మీ వైపుకు జరుగుతుంది. లాటుగా ఇస్తే మంచిది చెడ్డదాని నీడలో పోతుంది. విడదీసి మంచివి మాత్రమే ఇస్తే మిగిలిన అరిగినవాటిని ఎవరూ కొనరు. అందుకని విడిగా ధర రాయించుకుని, అమ్మడం మాత్రం కలిపి అమ్మండి.

తూకం మీ కళ్లముందే. 'రేపు చూసి చెప్తాను, ఇక్కడ పెట్టి వెళ్లండి' అంటే, ప్రతి నాణానికీ రెండు వైపులా ఫోటో తీసుకుని, చీటీ మీద సంతకం తీసుకుని ఇవ్వండి. చీటీకి ఇష్టపడనివాడి దగ్గర అసలు పెట్టొద్దు.

కొనేవాడి వైపు కూడా చెప్పనివ్వండి. నేను వెయ్యికి అమ్మగలనని నమ్మకమున్నదాన్ని ఆరేడు వందలకు అడుగుతాను. వారంలో పోతుందని తెలిస్తే ఇంకా పెంచుతాను. ఏడాది బీరువాలో మగ్గేదైతే ఇంకా తగ్గిస్తాను. అంగడి అద్దె, కొన్నవాటిలో నకిలీ తేలితే నష్టం, రెండేళ్లదాకా చిక్కుకుపోయే డబ్బు, ఇవన్నీ అందులోనే ఉన్నాయి. నాణేల ధరల పుస్తకంలో రాసిన ధర తెచ్చి నా ముందు పెడతారు. అది కొన్నవాడు అంగడికి ఇచ్చే ధర. అందులోనూ ఏ స్థితిలో ఉన్న నాణానిదో చూడరు. అమ్మకానికి పెట్టినవాళ్లు ఫోనులో కోరుకునే ధర చూసి అసలు రావద్దు. కోటి అని పెట్టుకోవడానికి ఖర్చేముంది? వేలాల్లో నిజంగా ఎంతకు పోయిందో చూడండి. ముంబై, బెంగళూరు, అహ్మదాబాదుల్లో నాణేల వేలం సంస్థలు ఉన్నాయి, పాత వేలాల ధరలు వాళ్లే బయటపెడతారు. మంచి నాణెముంటే అక్కడికే పంపండి. కమీషన్ తీసుకుంటారు, డబ్బు చేతికి రావడానికి నెలలు పడుతుంది. వెండి ధరకు పోయే నాణేలను అక్కడికి పంపడం మాత్రం వృథా.

ఇంకో నష్టం ఉంది, అది అన్నదమ్ముల దగ్గర. నలుగురు పిల్లలు, నలభై రూపాయలు. తలకు పది అని పంచేసుకుంటారు, చాలా న్యాయంగా. ఒకరి పదిలో 1911 ఒకటి, మంచి చుక్కల 1862 రెండు పడ్డాయి. ఇంకొకరికి పదీ సగం వెండివి. మూడో ఏట ఎవరో చెబుతారు, అక్కడి నుంచి మాటలు ఉండవు. ముందు అన్నీ ఒకచోట పెట్టి, సంవత్సరం, బరువు రాసి జాబితా చేయండి. ఖరీదు కట్టించండి. అప్పుడు నాణేలైనా, అమ్మిన డబ్బైనా పంచుకోండి. ఖరీదు కట్టించేటప్పుడు 'అమ్మకానికి కాదు, పంపకానికి' అని ముందే చెప్పండి, కొనేవాడి అంకె మారుతుంది. ఎటు మారుతుందో మీకే తెలుస్తుంది. (నవ్వులు)

ఇప్పుడు మీరు అడగండి.

(శ్రోతల్లో ఒకరు: వైష్ణోదేవి అయిదు రూపాయల బిళ్లకు లక్షలిస్తారని వీడియోలు వస్తున్నాయి. నిజమేనా?)

అయ్యా, ఆ బిళ్లలు 2012లో వచ్చాయి, మామూలుగా చలామణిలో ఉన్నవే. నాకు ఇస్తే ఏడో ఎనిమిదో ఇస్తాను, అదీ కొత్తగా ఉంటే. ట్రాక్టరు నోటు, 786 నోటు, అన్నీ అదే బాపతు. 'మీ నాణెం లక్షకు కొంటాం, ముందు రిజిస్ట్రేషను ఫీజు కట్టండి' అని ఫోను వస్తే పెట్టేయండి. రిజర్వు బ్యాంకు పేరు, ముద్ర వాడుకుని ఇలా వసూలు చేస్తున్నారని, తమకు దానితో సంబంధం లేదని రిజర్వు బ్యాంకే 2021 ఆగస్టులో హెచ్చరించింది. కొనేవాడు అమ్మేవాడి దగ్గర డబ్బు అడగడం ఏ ఊరి వ్యాపారం? ఇక బియ్యపు గింజల్ని లాక్కుంటాయని చెప్పే రైస్ పుల్లింగ్ చెంబులు, 1818 అని ఉండి దేవుళ్ల బొమ్మలున్న 'ఈస్టిండియా కంపెనీ' బిళ్లలు కూడా తెస్తుంటారు. కంపెనీ అలాంటివి కొట్టలేదు. ఈమధ్య పోతపోసినవే.

(ఇంకొకరు: పావలాలు, పది పైసలు డబ్బాల కొద్దీ ఉన్నాయి.)

పావలా, దానికంటే చిన్నవి 2011 జూన్ 30 నుంచి చెల్లవు. బ్యాంకు తీసుకోదు. నా దగ్గరా పెద్దగా రాదమ్మా. తామరపువ్వు ఇరవై పైసల బిళ్ల మాత్రం ఏరి పెట్టుకోండి. దాంట్లో బంగారం ఉందని చెప్పుకుంటారు, లేదు. లక్ష్మీపూజకు 108 కావాలని అడిగేవాళ్లున్నారు కాబట్టి పోతాయి. మనవళ్లకు ఒక్కో రకం ఇచ్చి అణా అంటే ఏమిటో, రూపాయికి పదహారు ఎందుకో చెప్పండి, అమ్మడం కంటే అదే లాభం.

(ఒకరు: మా అబ్బాయి అమెరికాలో ఉన్నాడు. తాత జ్ఞాపకంగా తీసుకుపోతానంటున్నాడు.)

నూరేళ్లు దాటిన నాణెం 1972 చట్టం ప్రకారం పురావస్తువు. దేశం దాటించకూడదు. ఒకటే కదా అని జేబులో వేసుకోవద్దు, ఎయిర్‌పోర్టులో టెన్షన్ ఎందుకు? నూరేళ్లు నిండని వెండి రూపాయల్లో ఒకటి ఇవ్వండి, సంవత్సరం దాని మీదే ఉంటుంది. అసలు పురావస్తువులు అమ్మే వ్యాపారికి లైసెన్సు కూడా ఉండాలి, అడిగి చూడండి. నన్ను కూడా అడగండి.

(వెనక నుంచి: పాత ఇల్లు పడగొడుతుంటే గోడలో ముంత దొరికితే?)

ఇది మంచి ప్రశ్న. ట్రంకుపెట్టెలోది మీ తాతది. గోడలోది అలా కాదు. 1878 నాటి నిక్షేపాల చట్టం నేలలో దాగినదానికే కాదు, నేలకు అంటుకున్న కట్టడంలో దాగినదానికీ వర్తిస్తుంది. విలువ పది రూపాయలు దాటితే కలెక్టరుకు రాసి తెలపాలి. ఆ పది రూపాయలు ఆనాటి పదే, ఇప్పటికీ మార్చలేదు. తెలపకపోతే జైలుశిక్ష దాకా ఉంది. అలాంటి ముంత తీసుకుని ఎవరైనా వస్తే నేను ముట్టుకోను, మట్టి వాసనే చెప్పేస్తుంది.

(ఒకరు: డబ్బు నగదుగానే ఇస్తారా?)

ఒకరి దగ్గర ఒకేరోజు రెండు లక్షలు, అంతకు పైన నగదు తీసుకోకూడదు. తీసుకున్నవాళ్లకే జరిమానా, ఇచ్చినవాడికి కాదు. కాబట్టి పెద్ద మొత్తమైతే బ్యాంకు ద్వారానే అడగండి, రసీదు రాయించుకోండి. మీకు వారసత్వంగా వచ్చినందుకు పన్ను లేదు. అమ్మి లాభం వచ్చినప్పుడు పన్ను లెక్కలోకి రావచ్చు. చిన్న మొత్తాలకు తలనొప్పి పెట్టుకోకండి, లక్షల్లో ఉంటే ఆడిటరును అడగండి.

కాఫీ వచ్చిందంటున్నారు. నాణేలు తెచ్చినవాళ్లు కాఫీ తాగాక ఈ బల్ల దగ్గరికి రండి. లెన్సు తెచ్చాను. ఏమిటో చెప్తాను, ధర చెప్పను, ఇవాళ ఒక్కటీ కొనను. అంచు పట్టుకుని ఇవ్వండి, మొహం మీద వేలు పెట్టకుండా.